వేప్ తాగుతున్న పిల్లాడు గంజాయి దాకా వెళ్లకుండా చూడటం ఎలా?

స్కూలు బ్యాగు దులిపితే పెన్‌డ్రైవ్ లాంటిదేదో కింద పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మామిడిపండు వాసన. అదే వేప్, అంటే పొగాకులో ఉండే నికోటిన్ కలిపిన ద్రవాన్ని ఆవిరి చేసి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, ఎక్కడి తెలుగింట్లోనైనా ఆ తర్వాత జరిగేది ఇంచుమించు ఒకటే: నాలుగు దెబ్బలు, దేవుడి పటం ముందు ఒట్టు, ఆ వస్తువు కాలవలోకి. కొన్నాళ్లకు అదే జేబులో ఖైనీ పొట్లం దొరుకుతుంది.

వేప్ పోయింది గానీ, దాన్ని చేతికందించిన పరిస్థితులు పోలేదు. అందుకే ఇక్కడ పనులు రెండు. వేప్ పిల్లాణ్ణి ఎంతగా పట్టుకుందో తేల్చుకోవడం మొదటిది. ఇంకో మత్తుకు దారి ఎక్కడ తెరిచి ఉందో వెతికి మూయడం రెండోది. కష్టమైనదీ, ఎక్కువమంది వదిలేసేదీ ఈ రెండోదే.

ఈ భయానికి ఆధారం ఉంది. ప్రధానంగా అమెరికాలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన రెండు విశ్లేషణలు 2017లో, 2019లో వచ్చాయి. వేప్ తాగిన టీనేజర్లు ఆపైన సిగరెట్ ముట్టుకునే అవకాశం సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని మొదటిది చెప్పింది. గంజాయి విషయంలోనూ దాదాపు అంతేనని రెండోది చెప్పింది. అంటే వేప్ తాగిన ప్రతివాడూ గంజాయిలోకి వెళ్తాడని కాదు. యాత్రలో స్నేహితుడిస్తే ఒకసారి పీల్చి దగ్గి వదిలేసినవాడిని, పొద్దున్న లేవగానే దిండు కింద చెయ్యి పెట్టేవాడిని ఒకే గాటన కట్టకండి.

పిల్లాడు అని రాస్తున్నాం గానీ ఆడపిల్లలకూ ఇదంతా వర్తిస్తుంది. 2019లో దేశవ్యాప్తంగా బడిపిల్లల మీద చేసిన పొగాకు సర్వేలో, 13 నుంచి 15 ఏళ్లవారిలో పొగాకు వాడుతున్నవారు 8.5 శాతం. అబ్బాయిలు 9.6, అమ్మాయిలు 7.4. మనం అనుకునేంత తేడా లేదు.

1. ముందు వారం రోజులు గమనించండి

పిల్లాడు స్పృహలో ఉండి, మామూలుగా ఊపిరి తీస్తున్నాడంటే తొందరేమీ లేదు. దొరికిన రాత్రే నిలదీస్తే మీకు దొరికేది అబద్ధమే. వారం పాటు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎన్నింటికి లేస్తున్నాడు, లేచిన ఎంతసేపటికి బాత్రూంలోకో మేడ మీదికో వెళ్తున్నాడు, చేతికిచ్చిన డబ్బు ఎంత, లెక్క తేలనిది ఎంత, ఏ రోజు ఎవరితో తిరిగాడు, ఎన్నింటికి ఇల్లు చేరాడు. ఆ వారం కొత్తగా ప్రశ్నలు అడగొద్దు, మామూలుగా ఉండండి.

వేప్‌కి పొగ వాసన ఉండదు, తీపి వాసన నిమిషాల్లో పోతుంది. కాబట్టి వాసన కోసం కాకుండా వేరే గుర్తులు చూడండి. మాటిమాటికీ నోరెండి నీళ్లు తాగడం, జలుబు లేకుండా దగ్గు, గంట గంటకూ ఏదో సాకుతో బయటికెళ్లడం, పెన్నులా ఉన్నదేదో ఫోన్ చార్జర్‌కి తగిలించడం, రెండు గంటలు బస్సులో కూర్చోబెడితే చిరాకు. నికోటిన్ ఒంట్లోంచి సగం దిగిపోవడానికి సుమారు రెండు గంటలే పడుతుంది. బస్సులో ఆ చిరాకు అందుకే.

కళ్లు ఎర్రబడి, మాట నెమ్మదించి, ఒక్కసారిగా ఆకలితో పళ్లెం ఖాళీ చేస్తుంటే అది నికోటిన్ కాదు, గంజాయి అయ్యుండొచ్చు. పగలంతా తూగుతూ, ఒళ్లు గోక్కుంటూ, మలబద్ధకమంటుంటే, పుస్తకాల సంచిలో ఖాళీ దగ్గుమందు సీసాలు దొరికితే, కోడీన్ అనే మత్తు మందు ఉన్న సిరప్‌ని అనుమానించాలి. చొక్కా చేతుల మీద జిగురు మరకలు, ముక్కు చుట్టూ పొక్కులు, నోట్లోంచి రసాయనం వాసన వస్తే పంచర్ సొల్యూషన్, వైట్నర్ లాంటివి. 2019లో వెలువడిన జాతీయ మత్తు పదార్థాల సర్వేలో పెద్దలకంటే పిల్లలు ఎక్కువగా వాడుతున్నట్టు తేలింది ఈ పీల్చే రసాయనాలు మాత్రమే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. ఒక జాగ్రత్త గట్టిగా గుర్తుపెట్టుకోండి. జిగురు పీలుస్తున్న పిల్లాడు కంటపడితే కేకలేసి తరమొద్దు. ఆ రసాయనం ఎక్కిన గుండె ఒక్కసారి బెదిరినా, పరిగెత్తినా లయ తప్పి ఆగిపోవచ్చు. నెమ్మదిగా దగ్గరికెళ్లి, చేతిలోది తీసుకుని, గాలి తగిలే చోట కూర్చోబెట్టండి.

2. దొరికిన వస్తువును చదవండి

పారేసే ముందు ఫోటో తీసుకోండి. డాక్టర్‌కి పనికొస్తుంది. మీద 2% అని ఉంటే మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్, 5% అని ఉంటే 50. రెండు మి.లీ. పట్టే 5% పాడ్‌లో (వేప్‌కి తగిలించే లిక్విడ్ గొట్టంలో) 100 మిల్లీగ్రాములు, పది మి.లీ. పట్టే, వాడి పారేసే వేప్‌లో 500. ఒక సిగరెట్ తాగితే ఒంటికెక్కేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములే. పీల్చే తీరును బట్టి మారుతుంది కాబట్టి "ఇది ఇన్ని సిగరెట్లతో సమానం" అని లెక్కగట్టకండి. ఎక్కువ శాతం ఉన్నది రోజూ వాడుతున్నవాడికి మానేటప్పుడు ఇబ్బంది ఎక్కువ ఉంటుందని మాత్రం తెలుసుకోండి. ఈ లిక్విడ్‌లలో ఎక్కువగా ఉండేది నికోటిన్ లవణం. గొంతులో మండదు కాబట్టి పిల్లలు లోతుగా లాగేస్తారు. బీడీకున్న ఘాటు దీనికి లేదు.

"జీరో నికోటిన్" అన్న ముద్రను నమ్మొద్దు. మన దేశంలో ఈ సరుకు మొత్తం చట్టవిరుద్ధం, లోపల ఏముందో పరీక్షించినవాళ్లు ఎవరూ లేరు. ఇంగ్లండులో 38 బళ్లలో పట్టుకున్న 596 వేప్‌లను బాత్ విశ్వవిద్యాలయం 2024లో పరీక్షిస్తే, ఆరింట ఒకదానిలో కృత్రిమ గంజాయి రసాయనం బయటపడింది. తాగే పిల్లలకు ఆ సంగతి తెలిసి ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఎక్కువగా గంజాయి నూనె నింపిన వేప్ గొట్టాల వల్ల 2019లో అమెరికాలో ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆసుపత్రి పాలయ్యారు, వాళ్లలో 68 మంది చనిపోయారు. ప్రధాన కారణం నూనెను చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఇ అసిటేట్. గొట్టంలో ఉన్నది నీళ్లలా కాక తేనెలా చిక్కగా, ముదురు పసుపులో, ఆకు వాసనతో ఉంటే ఆ ఫోటో తప్పకుండా డాక్టర్‌కి చూపించండి.

పొయ్యిలో వెయ్యొద్దు, సుత్తితో కొట్టొద్దు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, పేలుతుంది. లిక్విడ్ చేతికంటితే సబ్బుతో కడుక్కోండి, చర్మంలోంచి కూడా ఒంట్లోకి వెళ్తుంది. ఇంట్లో రెండేళ్ల పాప ఉంటే కొద్దిగా చప్పరించినా వాంతులు, చొంగ, వణుకు, ఫిట్స్ రావచ్చు. కక్కించే ప్రయత్నం చెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి.

3. మాట ఎలా మొదలుపెట్టాలి

భోజనాల దగ్గర వద్దు, అత్తామామల ముందు వద్దు. బండి మీద వెళ్తూనో, పెరట్లో పని చేస్తూనో పక్కపక్కన ఉన్నప్పుడు తేలిక. ముఖాముఖి కూర్చుంటే విచారణ అయిపోతుంది. ఇంట్లో పిల్లాడు ఎవరి మాట వింటాడో వాళ్లే మాట్లాడాలి. చాలా ఇళ్లలో అది మేనమామో, అక్కో.

"ఏట్రా నానా, నీ సంచిలో వేప్ చూసినాను. కొట్టడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతన్నాను. మొదట ఎవులిచ్చినారు?" అని ఆగండి. ఆగడమే కష్టం. పెద్దవాళ్లం ఐదు సెకన్లు కూడా ఆగలేక ఉపన్యాసం మొదలెట్టేస్తాం. "ఎందుకు తాగుతున్నావు" అని కాకుండా "అది తాగితే ఏం బాగుంటాది?" అని అడగండి. వచ్చే జవాబులోనే సగం వైద్యం ఉంది. "నిద్రొస్తాది" అన్నవాడి సమస్య వేరు, "తాగకపోతే ఆళ్లు కలుపుకోరు" అన్నవాడిది వేరు, "బుర్రలో గోల తగ్గుతాది" అన్నవాడిది ఇంకా వేరు.

కొట్టడం వల్ల పిల్లాడు నేర్చుకునేది ఇంకా బాగా దాచడం. ఒట్టు వేయిస్తే, తప్పిన రోజున దేవుడికి భయపడి అబద్ధం రెట్టిస్తాడు. ఆడపిల్ల అయితే చదువు మాన్పించి పెళ్లి మాట ఎత్తే ఇళ్లున్నాయి. ఆ మాటతో మీతో మాట్లాడే దారి పూర్తిగా మూసుకుపోతుంది.

4. ఎంతగా పట్టుకుందో తేల్చుకోండి

నికోటిన్ సంగతి నాలుగు ప్రశ్నల్లో తెలుస్తుంది. లేచిన ఎన్ని నిమిషాలకు మొదటి దమ్ము? అరగంట లోపైతే గట్టిగానే పట్టుకుంది, ఐదు నిమిషాల లోపైతే మరీను. రాత్రి నిద్రలోంచి లేచి తాగుతున్నాడా? మానాలని చూసి మానలేకపోయాడా? దొరక్కపోతే చిరాకు, చేతులు ఆడకపోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం ఉన్నాయా? ఒక్కదానికి అవునన్నా, "వాడంతట వాడే మానేస్తాడులే" అనుకోవద్దు.

మిగతా మత్తుల కోసం బోస్టన్‌లో తయారైన క్రాఫ్ట్ అనే ప్రశ్నావళి ఉంది, 12 నుంచి 21 ఏళ్లవారికి వాడతారు. గడిచిన ఏడాదిలో మద్యం, గంజాయి, మరేదైనా మత్తు ఎన్ని రోజులు వాడావు అని ముందు అడిగి, ఆపైన ఈ ఆరు అడుగుతారు:

- నువ్వు గానీ, ఇంకొకరు గానీ మత్తులో నడిపిన బండి ఎక్కావా?
- మనసు తేలికపడాలనో, నలుగురిలో కలవాలనో వాడుతున్నావా?
- ఒక్కడివే ఉన్నప్పుడు వాడుతున్నావా?
- వాడినప్పుడు చేసిన పనులు తర్వాత గుర్తుండటం లేదా?
- తగ్గించమని ఇంట్లోవాళ్లో స్నేహితులో ఎప్పుడైనా అన్నారా?
- వాడి ఏ గొడవలోనైనా ఇరుక్కున్నావా?

రెండు, అంతకన్నా ఎక్కువ అవుననే జవాబులు వస్తే నిపుణులు చూడాల్సిందే. ఇది రోగ నిర్ధారణ కాదు, జల్లెడ మాత్రమే. అమ్మానాన్నలు అడిగితే ఆరింటికీ "లేదు" అనే వస్తుంది. క్లినిక్‌లో కౌన్సిలరో నర్సో పిల్లాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితేనే దీనికి విలువ. మీరు చెయ్యాల్సింది గది బయట కూర్చోవడం.

ఆన్‌లైన్‌లో మూత్ర పరీక్ష కిట్ కొని దొంగతనంగా పరీక్షించడం మంచిది కాదు. గంజాయి ఆనవాలు రోజూ వాడేవారిలో వారాల తరబడి కనిపిస్తుంది, కాబట్టి మానేసినవాడు కూడా దొరికిపోతాడు. జిగురు, చాలా కృత్రిమ మత్తులు మామూలు కిట్‌లో పడవు, కాబట్టి వాడేవాడు తప్పించుకుంటాడు. మీ మీద నమ్మకం మాత్రం రెండు విధాలా పోతుంది.

5. చుట్టూ ఏముందో వెతకండి

ఈ అడుగు మీదే ఎక్కువ సమయం పెట్టండి. కింద చెప్పినవి ఎన్ని ఒకేచోట పోగుపడితే ప్రమాదం అంత పెరుగుతుంది. ఒకటి ఉందని బెంబేలు పడక్కర్లేదు. నాలుగైదు ఉంటే వేప్ చిన్న విషయమని సరిపెట్టుకోవద్దు.

మొదలుపెట్టిన వయసు. మెదడులో "ఆగు" అని చెప్పే ముందు భాగం పూర్తిగా తయారవడానికి పాతికేళ్లు పడుతుంది. 17లో మొదలుపెట్టినవాడికంటే 12, 13లో మొదలుపెట్టినవాడు ఇతర మత్తుల్లోకి జారే ప్రమాదం ఎక్కువ.

నోట్లో ఇప్పటికే ఉన్నది. ఈ ప్రాంతంలో వేప్ చాలామందికి మొదటి నికోటిన్ కాదు. పొద్దున్నే పళ్లు తోముకోవడానికని గుడాఖు రాసే ఇళ్లున్నాయి. అది బెల్లం కలిపిన పొగాకు ముద్ద. "పిప్పి పన్ను నొప్పి తగ్గుతుంది" అని పిల్లలకూ పెడతారు. పైన చెప్పిన 2019 బడి సర్వేలోనే, పొగలేని పొగాకు వాడే పిల్లల్లో 52 శాతం మంది పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు. గుట్కాను ఒడిశాలో నిషేధించి పదేళ్లు దాటింది, అయినా కిళ్ళీ బడ్డీలో పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం విడివిడిగా దొరుకుతూనే ఉంటాయి. "ఒరే, బడ్డీ కాడికెళ్లి ఖైనీ పట్రా" అని పిల్లాణ్ణి పంపుతుంటే ఈరోజుతో ఆపెయ్యండి. 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మడం 2003 చట్టం ప్రకారం నేరం. పిల్లాడికి బడ్డీవాడితో పరిచయం చేసింది మనమే అవుతాం.

స్నేహితులు. అన్నిట్లోకీ బలమైన సూచన ఇదే. ఎంతమంది అని కాదు, ఎంత వయసువాళ్లు అన్నది చూడండి. తొమ్మిదో తరగతి పిల్లాడు 19, 20 ఏళ్ల కుర్రాళ్లతో బండి మీద తిరుగుతున్నాడంటే, వాళ్లకు దొరికేవన్నీ వీడికీ దొరుకుతాయి. వేప్ బహిరంగంగా దొరకదు కాబట్టి అది తెచ్చిచ్చేవాడు ఒకడుంటాడు. వాడి దగ్గర ఇంకేం దొరుకుతాయన్నదే అసలు ప్రశ్న. వేప్ నుంచి గంజాయికి మధ్య దూరం చాలాసార్లు ఒక్క ఫోన్ నంబరే.

ఇంటి కాపలా. గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు, ఇంకా చెన్నై, హైదరాబాద్‌లకు తండ్రులు వలస వెళ్తారు. డబ్బు నెలనెలా వస్తుంది, తండ్రి ఏడాదికోసారి వస్తాడు. అమ్మకు ఫోన్‌లో డబ్బు తియ్యడం రాకపోతే ఆ పని పిల్లాడిదే, లెక్కా పిల్లాడిదే. తండ్రి లేకపోవడం కన్నా, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా వాడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియకపోవడం ప్రమాదం. ఇంట్లో పెద్దలు రోజూ తాగుతుంటే, పండక్కి "కొద్దిగా పుచ్చుకోరా" అని ఇప్పసారానో, జీలుగ కల్లో పిల్లాడి చేతికిస్తుంటే, మీరెన్ని చెప్పినా చెల్లవు.

మనసు. దిగులు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, చిన్నప్పటి నుంచీ ఒకచోట నిలవలేని అతి చురుకుదనం, ఇంట్లో చావు, లైంగిక వేధింపు. ఇవి ఉన్న పిల్లలు సరదాకి కాదు, మందులా వాడతారు. వేప్ ఆ కాసేపు పనిచేస్తుంది, దిగగానే ఆందోళన ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఇంకాస్త గట్టిది వెతుక్కుంటారు. ఒంటరిగా తాగే పిల్లల్లో ముందు దీన్నే అనుమానించండి.

బడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ టూలో ఇంగ్లీషు. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో వెనకబడ్డ పిల్లాడు వెనక బెంచీల జట్టులో చేరతాడు. పది తర్వాత విశాఖపట్నమో, విజయనగరమో హాస్టల్‌కి పంపడం మరో మలుపు. వేప్ మొదలైన పిల్లాణ్ణి "హాస్టల్లో వేస్తే దారిలో పడతాడు" అని పంపితే, ఉన్న కాస్త కాపలా కూడా తీసేసి పంపినట్టే.

ఇక సరుకు. ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గంజాయి సాగు కొత్త సంగతేం కాదు, కోరాపుట్, మల్కన్‌గిరి వైపు నుంచి మూటలు రోడ్డు, రైలు మార్గాల్లో దిగుతాయి. ఇక్కడ పిల్లాడికి ముప్పు తాగడం ఒక్కటే కాదు, మొయ్యడం కూడా. "ఈ సంచి పలాస స్టేషన్ దాకా ఇచ్చి రా, కొత్త ఫోన్ ఇస్తా" అంటారు. ముందు ఒక వేప్ ఊరికే ఇస్తారు, తర్వాత బాకీ అంటారు. మీరు కొనివ్వని బూట్లు, ఫోన్, జేబు ఖర్చు అడగడం మానెయ్యడం, ఫోన్ రాగానే బయటికి నడవడం కనిపిస్తే ఈ కోణంలో ఆలోచించండి. గంజాయి కేసుల్లో కిలో దాకా చిన్న పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. వాణిజ్య పరిమాణానికి కనీస శిక్ష పదేళ్లు. అది ఘోర నేరాల కింద లెక్క కాబట్టి, 16 నిండిన పిల్లాణ్ణి పెద్దవాడిలా విచారించాలా అని బాలల న్యాయ మండలి పరిశీలించవచ్చు. ఒక ట్రావెల్ బ్యాగు చాలు. పిల్లాణ్ణి మత్తు రవాణాకు వాడుకున్నవాడికి 2015 బాలల న్యాయ చట్టం 78వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. పిల్లాడికి పొగాకో మత్తో చేతికిచ్చినవాడికి 77వ సెక్షన్ కింద అంతే. ఇలాంటిది బయటపడితే దాచుకుని కూర్చోకండి. ముందు 1098కి ఫోన్ చెయ్యండి. అది పిల్లల హెల్ప్‌లైన్. పోలీసులు తీసుకెళ్లినా మైనర్‌ని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో మండలి ముందు హాజరు పరచాలి.

6. ముందు మీ చేతిలో ఉన్నవి మార్చండి

మీరు రాసిన కాగితం తీసి, పైన చెప్పినవాటిలో ఉన్నవాటికి గీత పెట్టండి. మొదలుపెట్టిన వయసు మార్చలేరు. తండ్రిని రేపే వెనక్కి తేలేరు. కానీ ఈ వారమే మార్చగలిగేవి సాధారణంగా మూడుంటాయి.

డబ్బు: నగదు తగ్గించి, బస్సు పాసు, టిఫిన్ మీరే చూడండి. ఫోన్ చెల్లింపుల వివరాలు వారానికోసారి పిల్లాడి ముందే, వాడితో కలిసి చూడండి. వెనకనుంచి కాదు. సాయంత్రాలు: ఆరు నుంచి తొమ్మిది మధ్య వాడికి ఒక చోటు, ఒక పని, ఒక పెద్ద మనిషి ఉండాలి. ఆటైనా, ట్యూషనైనా, పెదనాన్న కొట్టైనా సరే. వలసలో ఉన్న తండ్రి రోజూ ఒకే సమయానికి వీడియో కాల్ చేసి పది నిమిషాలు పిల్లాడితోనే మాట్లాడితే అదీ కాపలాయే. ఇంట్లో సరుకు: గుడాఖు డబ్బా, ఖైనీ, సీసా, అమ్మమ్మ నిద్రమాత్రలు తాళం వేసిన చోటికి వెళ్లాలి.

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర నెల పొడవునా సాగుతుంది, ఊరంతా రాత్రిళ్లు మేలుకునే ఉంటుంది. పిల్లాణ్ణి ఇంట్లో కట్టెయ్యడం కుదరదు. ఎవరితో, ఎన్నింటి దాకా అన్నది ముందే అనుకుని పంపండి.

స్నేహాలు తెంచమంటే తెగవు. ఆ జట్టులో లేని ఒక్క స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి అన్నం పెట్టడం పనిచేస్తుంది. ఫోన్ పూర్తిగా లాక్కోవడం మాత్రం చెడగొడుతుంది, ఎందుకంటే ఆ జట్టు వీధిలోనే ఉంది, మంచి స్నేహితులే ఫోన్‌లో ఉన్నారు.

7. మానే మూడు వారాలు

రెండు వారాల లోపు ఒక తేదీ పిల్లాడే ఎంచుకోవాలి. పరీక్షల వారం, పెళ్లిళ్ల వారం వద్దు. ఆ లోపు రోజుకి మొదటి దమ్మును అరగంట, అరగంట వెనక్కి జరపమనండి. తేదీ నాడు పాడ్‌లు, చార్జర్‌తో సహా అన్నీ బయటికి.

రెండో, మూడో రోజు అన్నిటికన్నా కష్టం. చిరాకు, ఆకలి, నిద్ర చెడటం, తలనొప్పి ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గిపోతాయి. తాగాలన్న కోరిక అల ఒక్కోటి కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు చేతికీ నోటికీ పని కావాలి: వేరుశెనగ కాయలు, ఉసిరి ముక్క, చల్లటి నీళ్లు, వీధి చివరి దాకా నడక. ఆ మూడు రోజులూ చదువు గురించి ఎత్తకండి. రాత్రి ఫోన్ వేరే గదిలో ఉండాలి.

నికోటిన్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది కదా అని మీరే కొనివ్వొద్దు, 18 లోపు వారికి డాక్టర్ నిర్ణయించాలి. వేప్ బదులు "తక్కువ శాతం వేప్" కొనిచ్చేవాళ్లూ ఉన్నారు. సరుకు పంపేవాడితో లావాదేవీ అలాగే నడుస్తుంది కాబట్టి దానివల్ల ఒరిగేదేం లేదు.

అసలు జాగ్రత్త పడాల్సింది రెండో వారం నుంచి. వేప్ మానిన చెయ్యి ఇంకోదాన్ని వెతుక్కుంటుంది: ఖైనీ, గుట్కా, బీరు. "సిగరెట్ కాదు కదా" అన్న మాట వినిపిస్తే అక్కడే పట్టుకోండి. మధ్యలో ఒకసారి తాగితే అంతా పోయినట్టు కాదు. ఎక్కడ, ఎవరితో, ఏ ఘడియలో అని అడిగి ఆ ఒక్క కన్నం పూడ్చండి. నెల తర్వాత ఒకసారి, మూడో నెలలో మరోసారి నాలుగో అడుగులోని ప్రశ్నలన్నీ మళ్లీ అడిగించండి.

8. బడికి చెప్పాలా, ఎక్కడికి తీసుకెళ్లాలి

నమ్మదగ్గ ఒక్క టీచర్‌కి చెప్పండి, స్టాఫ్ రూంకి కాదు. టీచర్లకు ఒక మాట: టీసీ ఇచ్చి పంపడంతో పిల్లాడికున్న గట్టి రక్షణ తెగిపోతుంది. బడితో ముడి ఉన్నన్నాళ్లు ఇంకో మత్తులోకి జారడం తక్కువ. పొగాకు రహిత విద్యాసంస్థల మార్గదర్శకాల్లో చెప్పిన 100 గజాల పసుపు గీత, అంటే సుమారు 91 మీటర్లు, మీ బడి చుట్టూ ఉందో లేదో చూడండి. ఆ లోపల బడ్డీ ఉంటే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. వేప్ సంగతికొస్తే 2019 చట్టం తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధించింది. అమ్మినవాడికి మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్లు, ఐదు లక్షలు. నిల్వ చేసినా ఆరు నెలలు, లేదా 50 వేలు, లేదా రెండూ. పిల్లాడికి చట్టం పేరు చెప్పి బెదిరించడం కన్నా, అమ్మినవాడి మీద వాడటం మేలు.

జిల్లా ఆసుపత్రిలో టీనేజర్ల కోసం శ్రద్ధా క్లినిక్ ఉందేమో అడగండి. మానసిక వైద్యుడు కావాలంటే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ, కోరాపుట్ వైపు వాళ్లకు షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. పర్లాకిమిడి, గుణుపూర్ వాళ్లు శ్రీకాకుళం, విశాఖపట్నం వెళ్లినా తప్పులేదు, అమ్మకు ఒడియా సరిగా రాకపోతే అదే మంచిది. ఎక్కడికెళ్లినా పిల్లాడి చేత వాడి సంగతే అనువాదం చేయించకండి. వాడు చెప్పదలచుకున్నదే మీకు చేరుతుంది. రెండు భాషలూ వచ్చిన బంధువును వెంట తీసుకెళ్లండి.

"మూడు నెలలు మాకు వదిలేయండి" అనే ప్రైవేటు కేంద్రాలతో జాగ్రత్త. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనర్‌ని చేర్చుకుంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, ఇంటివాళ్లు ఒకరు చివరిదాకా వెంట ఉండాలి, 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలపాలి. మిమ్మల్ని లోపలికి రానివ్వం అని వాళ్లంటే అక్కడ చేర్చొద్దు.

ఫోన్ నంబర్లు: మానసిక సాయానికి టెలి మానస్ 14416, భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. మత్తు మానడానికి 14446. పొగాకు, నికోటిన్ మానడానికి 1800112356. పిల్లల రక్షణకు 1098. పిల్లాడు లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే, పెదాలు నీలం తిరిగితే, ఫిట్స్ వస్తే, జ్వరం, వాంతులతో పాటు ఆయాసం వస్తే 108. అంబులెన్స్ వచ్చేదాకా పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నిమ్మరసం, మజ్జిగ నోట్లో పొయ్యకండి. ఏం తీసుకున్నాడో డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. ఖాళీ సీసా, మాత్రల అట్ట, వేప్ ఏది దొరికితే అది వెంట తీసుకెళ్లండి.